హేమంతమున ఆర్మూరు గుట్టలు

ఎండలు ముదిరినంతనే నగరవాసులకు కొండలు జ్ఞప్తికి వచ్చుట ఆంగ్లేయులు మన దేశమునకు అలవరచిన మర్యాద. ఉత్తరదేశపు వేడికి ఓర్వలేక వారు 1864 లో సిమ్లాను వేసవి రాజధానిగా చేసికొనిరి. చెన్నపట్టణమునుండి పాలించు దొరలు నీలగిరులలోని ఉదకమండలమునకు తరలిపోవుచుండిరి. కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర మదనపల్లె చెంతనున్న ఏనుగు మల్లమ్మ కొండపై బంగళా కట్టుకొనగా, మల్లమ్మ పేరు మరుగునపడి కొండకు దొర పేరే నిలిచిపోయినది.

తెలుగునాట నేడు బలపడుచున్న అలవాటు ఇందుకు భిన్నమైనది. ఇక్కడివారు కొండలకు చలికాలముననే ఎక్కువగా వెళ్ళుదురు. విశాఖపట్టణమువారు మార్గశిర పుష్యములు రాగానే అరకులోయకు రైలెక్కుదురు. సుమారు వేయి మీటర్ల ఎత్తుననున్న లంబసింగిలో తెల్లవారుజామున గడ్డిపై గడ్డకట్టిన మంచును చూడవలెనని రాత్రికి రాత్రియే బయలుదేరువారును కలరు. హైదరాబాదువారికి మూసీనది పుట్టిన అనంతగిరి దగ్గర. అది వికారాబాదు చెంతనున్న అడవికొండ. ఇవన్నియు పేరు పడిన తావులు. వీని కోవలో ఎవరును అంతగా చేర్చని యూరు ఒకటి నిజామాబాదు జిల్లాలో కలదు. అది ఆర్మూరు. పసుపు పంటకు ప్రసిద్ధి కెక్కిన ఈ పట్టణమును ఆనుకొనియే రాతిగుట్టలు నిలిచియున్నవి.

ఆర్మూరునకు వెళ్ళువారు మొట్టమొదట గ్రహింపవలసిన వింత ఒకటి కలదు. కొండయూరనగానే దారి పొడవునను పైకి ఎక్కుదుమని తలంతుము. కాని హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తుననుండగా, ఆర్మూరు మైదానము 400 మీటర్లకు లోపలనే యున్నది. నగరమునుండి ఉత్తరముగా మేడ్చలు, తూప్రాను, రామాయంపేట, కామారెడ్డి మీదుగా సుమారు 180 కిలోమీటర్లు పోవు దారి గోదావరి వైపునకు మెల్లమెల్లగా దిగుచుండును. అనగా ఇది దిగి వెళ్ళి ఎక్కవలసిన గుట్ట. ఎత్తునుబట్టి కొండల గొప్పను నిర్ణయించువారికి ఇది గొప్ప కొండ కానేకాదు. అయినను ఒక్కనాటిలో పోయి రాదగిన కొండలలో ఇంతటి పాఠమును కన్నులయెదుట నిలుపునవి అరుదు.

ఈ దారి కాశ్మీరములోని శ్రీనగరమునుండి కన్యాకుమారి వఱకు పోవు 44వ జాతీయ రహదారి. పూర్వము దీనినే 7వ సంఖ్యతో పిలుచుచుండిరి. ఆర్మూరునకు చేరువనున్న పెర్కిటు వద్ద నిజామాబాదునుండి జగ్దల్‌పూరునకు పోవు 63వ రహదారి దీనిని దాటును. పెద్దపల్లి నిజామాబాదుల మధ్య రైలుమార్గము 2017 లో పూర్తియైన పిదప ఆర్మూరునకు రైలు వసతియు కలిగినది. దారిలో తీరిక యున్నవారు డిచ్‌పల్లిలో చిన్న గుట్టపైనున్న రామాలయమును, దాని గోడలపైని శిల్పములను చూచి పోవచ్చును. చలికాలపు పగలు పదునొకండు గంటలే గనుక, చాలమంది దానిని తిరుగు ప్రయాణమునకు విడిచిపెట్టుదురు.

చలికాలముననే ఏల వెళ్ళవలెను? బండలు కాలకుండుట ఒక కారణము. అంతకంటె చక్కని కారణము మఱియొకటి యున్నది. మేఘములు లేని చలిరాత్రులందు నేల పగలంతయు గ్రహించిన వేడిని ఆకాశమునకు విడిచిపెట్టును. మేఘమున్నచో అది దుప్పటివలె అడ్డుపడును. అది లేనప్పుడు నేల త్వరత్వరగా చల్లబడి, తన్నంటియున్న గాలిని గూడ చల్లబరచును. చల్లగాలి బరువైనది. అది నీటివలె వాలువెంట జారి పల్లమునకు చేరును. చెఱువులు, కాలువలు, తడిపిన పొలములు గల పల్లమున ఆ గాలిలోని తేమ సన్నని బిందువులై పొగమంచుగా నిలుచును. అందుచేత సాధారణముగా ఎత్తునకు పోయినకొలది చలి హెచ్చవలసియుండగా, ఇట్టి ఉదయములందు గుట్టపైకంటె గుట్టక్రింద చలి యెక్కువగా నుండుటయు కలదు. సూర్యోదయమునకు ముందు గుట్ట యెక్కినవానికి ఊరు కనబడదు. పాలు పొంగినట్లు తెల్లని మంచు, దానిపై తేలుచున్న తాటిచెట్ల తలలు, దూరముగా మఱియొక గుట్ట శిఖరము మాత్రమే కనబడును. ఎనిమిది గంటలు దాటిన పిమ్మట ఎండకు నేల వేడెక్కి, మంచు తెరలు తెరలుగా విడి, ఒక్కొక్క పొలము, ఒక్కొక్క చెఱువు బయటపడును.

హైదరాబాదునుండి ఉదయము బయలుదేరువారికి ఈ దృశ్యము దక్కదు. వారు చేరునప్పటికి పది గంటలు కావచ్చును. పైగా ఏ మంచు గుట్టమీదివానికి అందముగా తోచునో, ఆ మంచే రహదారిమీది వాహనములకు ప్రాణాపాయము. కనుక చీకటితో వేగిరపడి పోవుటకంటె ముందునాటి సాయంకాలమే ఆర్మూరు చేరుట మేలు. అట్లు వీలుకానివారు మంచును వదలుకొనుటయే ఉత్తమము. గుట్టపై చూడవలసినది ఇంకను చాల ఉన్నది.

దూరపు కొండలు నునుపు అను సామెత ఆర్మూరు విషయమున తలక్రిందులగును. ఈ గుట్టలు దూరమునుండి చూచినప్పుడే గరుకుగా, ఎవరో రాళ్ళను కుప్పపోసినట్లు కనబడును. దగ్గరకు పోయినచో ఒక్కొక్క గుండు చేతితో నిమిరి గుండ్రముగా చేసినట్లుండును. ఏనుగంత గుండుపై ఎద్దంత గుండు, దానిపై గంపంత గుండు నిలిచి, గాలి వీచిన దొర్లిపడునేమో అనిపించును. రాక్షసులు ఆడుకొని విడిచిన గోళీలని పిల్లలకు చెప్పవచ్చును గాని, అసలు సంగతి అంతకంటె ఆశ్చర్యకరమైనది. ఈ గుండ్లను ఎవరును పేర్చలేదు. ఇవి పైకెక్కినవి కావు, మిగిలినవి.

ఈ రాయి గ్రానైటు జాతికి చెందినది. తెలంగాణములో అధికభాగమునకు పునాది ఇదియే. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. భూగర్భమున కొన్ని కిలోమీటర్ల లోతున కరగియున్న పదార్థము మెల్లగా చల్లారి గడ్డకట్టినప్పుడు ఇది పుట్టినది. ఒక ముక్కను ఎండలో త్రిప్పి చూచినచో మూడు విధములైన రేణువులు కనబడును. గాజువలె మెరయునది పలుగురాయి. రేకులు రేకులుగా తళతళలాడునది అభ్రకము. లేత గులాబిరంగున గాని తెలుపుగా గాని యుండునది ఫెల్డ్‌స్పార్. కథయంతయు ఈ మూడవదానిలోనే యున్నది.

పైనున్న బరువైన పొరలు యుగయుగములుగా అరిగిపోగా, లోపలి రాయి బరువు వదలి వ్యాకోచించి నిలువుగాను అడ్డముగాను బీటలువారినది. ఇటుకల గోడవలె గీతలు పడినదని ఊహించుకొనవచ్చును. ఆ బీటలలోనికి వాననీరు దిగినది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొనిన వాననీటికి కొంచెము ఆమ్లగుణముండును. అది ఫెల్డ్‌స్పారును మెల్లమెల్లగా బంకమన్నుగా మార్చివేయును. పలుగురాయి మాత్రము ఇసుకగా మిగులును. ఇప్పుడొక బెల్లపుదిమ్మను నీటిలో ఉంచినట్లు భావింపుడు. దాని మూలలు మొదట కరగును. ఏలయన మూలకు మూడుప్రక్కలనుండి, అంచునకు రెండుప్రక్కలనుండి నీరు తగులును. నడిమి తలమునకు ఒక్క ప్రక్కనుండియే తగులును. చదరపు దిమ్మ గుండ్రనగుటకు కారణమిదియే. నేలలోపలనున్న రాతిదిమ్మలకును ఇదే జరిగినది. తరువాత వానలు మెత్తబడిన మన్నును కడిగి పల్లమునకు కొనిపోగా, చెడిపోని గట్టి నడిమిగుండ్లు ఒకదానిపైనొకటి నిలిచిపోయినవి. కొన్ని గుండ్లపై ఉల్లిపొరలవలె పెచ్చులు లేచుటను నేడును చూడవచ్చును. ఆ పని ఇంకను ఆగలేదు.

మఱి కడుగుకొనిపోయిన మన్ను ఏమైనది? గుట్టపైనుండి క్రిందికి చూచుటయే దీనికి జవాబు. చుట్టునున్న ఎఱ్ఱని చల్కనేల అదియే. గుండుగా మిగిలినది గుట్ట, మన్నుగా మారినది పొలము. రెండును ఒక్క తల్లి పిల్లలు. నిజామాబాదు ప్రాంతమునకు పడమటనున్న జుక్కల్, మద్నూరు వైపు పోయినచో నేల నల్లగా మారును. అచ్చటి రాయి వేఱు. అది సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతముల లావా పొరలుగా ప్రవహించి గట్టిపడినది. నేలరంగును చూచి దాని క్రిందిరాయిని చెప్పగలుగుట కష్టమైన విద్య కాదు. రైతులు పుస్తకము లేకుండగనే దీనిని ఎరుగుదురు.

ఈ గుండ్ల నడుమనే నవనాథ సిద్ధేశ్వరుని ఆలయమున్నది. తొమ్మండుగురు సిద్ధులు ఇచ్చట తపస్సు చేసిరనియు, అందుచేతనే ఊరికి పూర్వము నవనాథపురమను పేరుండెననియు స్థానికులు చెప్పుకొందురు. గుట్టకు సిద్ధులగుట్ట యని వాడుక. ఆలయమనగా ఎత్తైన గోపురము, విశాలమైన మండపము ఉండునని తలచి పోయినవారికి ఇది క్రొత్తగా తోచును. గుండ్లు ఒకదానిపైనొకటి ఒరగుటచే ఏర్పడిన గుహయే ఇచ్చట గర్భగృహము. వంగి నడువవలెను. బయట ఎంత ఎండయున్నను లోపల రాయి చల్లగానే యుండును. మందమైన రాయి ఆలస్యముగా వేడెక్కి ఆలస్యముగా చల్లారును గనుక, గుహలలో వేసవికిని చలికిని అంతగా భేదముండదు. తపస్సునకు సిద్ధులు గుహలను ఎన్నుకొనుటలో ఈ సుఖమును గూడ గమనించియుందురని నవ్వుచు చెప్పువారు కలరు. గుట్టపై రామాలయమును కలదు. కాలినడకను మెట్లపైనుండి గాని, వాహనముపై ఘాటుదారివెంట గాని పైకి చేరవచ్చును. గుట్టను చూడగోరువారికి మెట్లే తగినవి. ఘాటుదారిని పోవువారు ఆలయమును చూతురు, గుండ్లను చూడరు.

ఎక్కునప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరము. ఉదయపు మంచుకు బండ జారును. గుండ్ల సందులలో పాములుండవచ్చును గనుక చేయి పెట్టకుండుట మంచిది. చేతిలో తినుబండారము కనబడినచో కోతులు విడువవు. గుండుపై పేరు చెక్కుట, రంగుతో వ్రాయుట మాత్రము జాగ్రత్తకు సంబంధించిన మాట కాదు, మర్యాదకు సంబంధించినది.

పొగమంచు విడిన తరువాత గుట్టపైనుండి కనబడు మైదానములో చలికాలమందు రెండు రంగులు ప్రధానముగా తోచును. మోకాలెత్తునకు మించి పెరిగి, అంచులు పండుబారుచున్న వెడల్పైన ఆకుల పొలము పసుపు. సన్నగా నిలువుగా పచ్చగానున్నది ఎఱ్ఱజొన్న. ఈ చుట్టుపట్ల ఎఱ్ఱజొన్నను విత్తనముకొఱకు పండింతురు. ఆర్మూరు చెంతనున్న అంకాపూరు విత్తన వ్యాపారమునకును కూరగాయలకును పేరుపొందినది. ప్రయాణికులలో చాలమందికి ఆ గ్రామము నాటుకోడి కూరవలననే తెలియుట విచిత్రము.

పసుపు సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. దేశములోని పసుపు రకములలో ‘ఆర్మూరు’ అను పేరుగల రకమే ఒకటి కలదు. గుంటూరు ప్రాంతపు ‘దుగ్గిరాల’, కడప ప్రాంతపు ‘మైదుకూరు’, ‘టేకూరుపేట’ రకములవలె ఊరిపేరే పంటకు పేరైనది. తొలకరిలో జూనునెలయందు దుంపలు నాటుదురు. మొదటి మూడు నెలలు పసుపుచాళ్ళ నడుమ మొక్కజొన్న పెంచి, ఒక్క నేలనుండి రెండు పంటలు తీయుట ఇక్కడివారి నేర్పు. ఎనిమిది తొమ్మిది నెలలు పంట నేలలోనే యుండును. చలి ముదిరి ఆకు పండి వాలిపోవుటయే దుంప తయారైనదనుటకు గురుతు. అంతట ఆకును కోసి, కొన్నినాళ్ళు నేలను ఆరనిచ్చి, జనవరినుండి మార్చివఱకు త్రవ్వుదురు. డిసెంబరులో వచ్చినవారు పొలమును చూతురు. ఫిబ్రవరిలో వచ్చినవారు కల్లమును చూతురు.

కల్లమున జరుగు పని చూడదగినది. త్రవ్వితీసిన దుంపలను నీటిలో గాని ఆవిరిచే గాని ఉడికింతురు. పచ్చిపసుపును అట్లే ఎండబెట్టరాదా అని అడుగవచ్చును. ఉడికించుటవలన దుంప మొలకెత్తు శక్తి పోవును, పచ్చివాసన తగ్గును, లోనిపిండి ఉడికి రంగు దుంపయంతటను సమముగా వ్యాపించును, త్వరగా ఎండును. పుల్ల గ్రుచ్చినచో మెత్తగా దిగుటయే పాకము. తక్కువ ఉడికినచో విరుగును. ఎక్కువ ఉడికినచో రంగు చెడును. పిదప పది పదునైదు దినములు ఎండలో పరచి, అప్పుడప్పుడు తిరుగవేయుచు ఎండింతురు. ఎండినదానిని పీపాలలో వేసి త్రిప్పగా పైపొట్టు రాలి నునుపుదేరును. వ్రేలివలె పొడవైనవి కొమ్ములు. తల్లిదుంపలనుండి వచ్చిన గుండ్రనివానిని మార్కెట్టులో గోళ యందురు. కొమ్మునకు ధర ఎక్కువ. నూరుకిలోల పచ్చిదుంపనుండి ఇరువది ఇరువదియైదు కిలోలకు మించి ఎండుపసుపు రాదు. మిగిలినదంతయు ఆవిరియైపోయిన నీరే. చలికాలపు పొడిగాలి, మబ్బులేని ఎండ ఈ పనికి ఎంత ముఖ్యమో దీనినిబట్టి తెలియును. కల్లములో పసుపు పరచియున్నప్పుడు అకాలవర్షము కురిసినచో రంగు చెడి, తొమ్మిదినెలల కష్టము ఒక్కరాత్రిలో సగమగును. నగరవాసి ఆకాశమున మబ్బును చూచి చలికాలపు విహారము చెడినదని విసుగుకొనును. క్రింద టార్పాలిను పట్టుకొని పరుగెత్తువానికి ఆ మబ్బు వేఱువిధముగా కనబడును.

ఈ పసుపు అమ్మకమునకు ముఖ్యమైన తావు నిజామాబాదు మార్కెట్టు. 2016 లో దేశమంతట ఈ-నామ్ అను విద్యుత్ వేలము ప్రారంభమైనప్పుడు మొదట చేరిన మార్కెట్లలో ఇదియు ఒకటి. మంచి ధర వచ్చునను ఆశతో మహారాష్ట్రలోని సాంగ్లివఱకు సరుకు తీసికొనిపోవు రైతులును కలరు. ధర ఒక ఏడు పెరిగి మఱుసటియేడు పడిపోవుట ఈ పంటకు మొదటినుండియు గల జబ్బు. మద్దతుధర కావలెననియు, పసుపునకు ప్రత్యేకముగా బోర్డు నెలకొల్పవలెననియు కోరుచు 2019 లోకసభ ఎన్నికలలో ఈ ప్రాంతపు పసుపు, ఎఱ్ఱజొన్న రైతులు తామే అభ్యర్థులుగా నిలిచిరి. నిజామాబాదు నియోజకవర్గమున పోటీచేసిన 185 మందిలో 170 మందికి పైగా రైతులే. అందఱి పేర్లును పట్టుటకై ఒక్కొక్క పోలింగుకేంద్రమున పండ్రెండు వోటు యంత్రములను వరుసగా కలుపవలసివచ్చినది. కోపమును రాళ్ళతో గాక నామినేషను పత్రములతో చూపిన ఈ పద్ధతి దేశమంతటను చర్చకు వచ్చినది. 2025 జనవరి 14 వ తేదీన, సంక్రాంతినాడు, నిజామాబాదు ప్రధానస్థానముగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. బోర్డు వచ్చినంతమాత్రమున ధర నిలుకడగా నుండునని చెప్పుటకు వీలులేదు. అయినను అడిగినవారి ముంగిటికే అది వచ్చుట చిన్న విషయము కాదు.

పొలముసంగతి ఇట్లుండగా, గుండ్ల గతి ఏమి? తెలంగాణమున పలుతావులందు ఇట్టి గుండ్లను పగులగొట్టి కంకరగా మార్చుచున్నారు. ఇండ్లకును రోడ్లకును కంకర కావలసినదే. కాని ఏ గుట్టను పగులగొట్టవచ్చునో, దేనిని విడువవలెనో ముందుగా యోచించుట లేదు. హైదరాబాదులోని బంజారాహిల్సు, దుర్గంచెఱువు ప్రాంతములు ఒకప్పుడు ఆర్మూరువలె గుండ్లతో నిండియుండినవే. నగరము పెరిగినకొలది వానిలో ఎన్నో కనుమరుగైనవి. మిగిలినవానినైన కాపాడవలెనని 1996 లో ఆ నగరమున శిలల పరిరక్షణకై ఒక సంఘము ఏర్పడినది. చెట్టును నరికినచో మఱియొకటి నాటవచ్చును. చెఱువు పూడినచో త్రవ్వవచ్చును. గుండు పగిలినచో దానికి మారుగుండు పుట్టించుటకు ఎవరికిని చేతకాదు. గుట్టపై మన్ను లేదు, పంట లేదు గనుక అది పనికిమాలినదనుకొనువారు, తమ పొలములోని మన్ను ఎచ్చటినుండి వచ్చినదో మరచినవారు.

మధ్యాహ్నమునకు గుట్ట దిగి వచ్చినవారికి ఇంకను ఓపికయున్నచో ఉత్తరముగా రహదారివెంట శ్రీరామసాగరము చూడవచ్చును. పోచంపాడు వద్ద గోదావరిపై కట్టిన ఈ ఆనకట్టకు 1963 జూలై 26 న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. చలికాలమున నీరు వెనుకకు తగ్గిన బయళ్ళలో దూరదేశపు వలసపక్షులు దిగును. నందిపేట వైపు ఆ పచ్చికపై కృష్ణజింకలు మేయును. వానిని తరుముచు ఫొటోలు తీయబోవుటకంటె దూరముగా నిలిచి చూచుట మేలు.

శివరాత్రికి చలి శివశివా యని పోవునందురు. అప్పటినుండి సిద్ధులగుట్ట బండలు పది గంటలకే కాలుట మొదలిడును. కనుక ఈ ప్రయాణము మార్గశిరమునుండి మాఘమువఱకు పెట్టుకొనదగినది. డిసెంబరులో సాయంకాలము ఐదు గంటలకు ఆర్మూరు విడిచినవారికి కామారెడ్డి చేరకముందే చీకటిపడును. అప్పటికి రోడ్డుప్రక్కనున్న పల్లపు పొలములపై పలుచని మంచు మరల పరచుకొనుచుండును.